ముప్పై సెకన్ల ముచ్చట

పదిహేను బార్ల మెషిన్ కొన్నంత మాత్రాన ఇంట్లో ఎస్‌ప్రెసో రాదు. దాని పక్కన ఉండాల్సిన మరలో, గింజల పొట్లం మీద ఉండాల్సిన తారీఖులో ఉంది అసలు సంగతి.

ఒకప్పుడు మన పెళ్లిళ్లలో ఎస్‌ప్రెసో అంటే ఏమిటో గుర్తుందా? విందు పందిట్లో ఓ మూల తళతళలాడే స్టీలు యంత్రం. దాని వెనక తెల్ల టోపీ పెట్టుకున్న కుర్రాడు. కప్పులో చెంచాడు ఇన్‌స్టంట్ పొడి, పంచదార, పాలు వేసి గొట్టం కింద పెడితే బుస్సుమని ఆవిరి, అంచుదాకా నురగ. పైన చిటికెడు కోకో పొడి. భోజనాల బంతి దగ్గర కంటే అక్కడే జనం ఎక్కువ. 1990ల చివర్లో తెనాలిలో మా మేనత్త కూతురి పెళ్లిలో అలాంటివి మూడు కప్పులు తాగి, ఆ రాత్రి నేను నిద్రపోలేదు, మా అమ్మను నిద్రపోనివ్వలేదు. ఎస్‌ప్రెసో తాగానని చాలా ఏళ్లు నమ్మాను. నిజానికి ఆ కప్పులో లేనిదల్లా అదొక్కటే.

అసలుది ఎదురైంది ఢిల్లీలో, రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చదివే రోజుల్లో. మెనూలో అన్నిటికంటే చవగ్గా ఉందని ఆర్డర్ చేశాను. వెయిటర్ తెచ్చింది బొమ్మల పెళ్లికి వాడేంత కప్పు. అందులో సగానికి చిక్కటి నల్లటి ద్రవం, పైన తేనె రంగు పొర. మిగతాది ఎప్పుడు తెస్తారని అడిగాను. అంతేనన్నాడు. చేదు అనుకుని కళ్లు మూసుకుని గుటకేస్తే చేదుతోపాటు ఇంకేదో తగిలింది. బెల్లం పాకం మాడే ముందు వచ్చే వాసన లాంటిది. పావుగంట తర్వాత కూడా నాలుక మీద అది పోలేదు. హాస్టల్‌కు నడిచి వెళ్తూ దాని గురించే ఆలోచించాను. ఉద్యోగం వచ్చాక ఇంట్లోనే చేసుకోవాలన్న కోరిక అక్కడ పుట్టింది.

2021లో ఆ కోరిక తీర్చుకున్నాను. లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి పని, కేఫ్‌లు మూత, చేతిలో కాస్త మిగులు. ఇరవై రెండు వేలు పోసి హైదరాబాద్‌లో ఓ షాపు నుంచి మెషిన్ తెప్పించాను. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో '15 బార్లు' అని ఉంది. అమ్మినాయన ఫోన్‌లో పావుగంట మాట్లాడాడు కానీ గ్రైండర్ అన్న మాట ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. గింజల ఊసే లేదు. సూపర్ మార్కెట్‌లో దొరికిన కాఫీ పొడి వేసి మీట నొక్కాను. పన్నెండు సెకన్లలో టీ రంగు నీళ్లు కప్పు నింపేశాయి. పైన నురగ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. మా నాన్నగారు ఆ వారం మా ఇంట్లోనే ఉన్నారు. హైస్కూలు మాస్టారుగా రిటైరైన మనిషి. అరవై ఏళ్లుగా పొద్దున్నే ఇత్తడి ఫిల్టర్ డికాక్షన్ తప్ప మరోటి ముట్టనివారు. ఒక గుక్క చప్పరించి కప్పు కింద పెట్టారు. "ఏరా, ఇంత డబ్బు పోసి కొన్నది వాము కషాయం కాయడానికా?" అన్నారు.

మర్నాడు నేనింకో ఘనకార్యం చేశాను. ఆయన తెనాలి నుంచి తెచ్చుకున్న పీబెర్రీ పొడి డబ్బాలోంచి రెండు చెంచాలు తీసి మెషిన్‌లో వేశాను. అది గుర్రుమంది, మూలిగింది, ఒక్క చుక్క కూడా రాల్చలేదు. ఆ పొడిలో మూడో వంతు చికోరీ. నీళ్లు తగలగానే చికోరీ ఉబ్బి జిగురులా పట్టేస్తుంది. నిదానంగా కారే ఫిల్టర్‌లో ఆ గుణం వరమే. డికాక్షన్‌కు చిక్కదనం, రంగు దానివల్లే. ఎస్‌ప్రెసో మెషిన్‌కు మాత్రం అది గొంతులో ముల్లు. మన ఆహార ప్రమాణాల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే మిగతా 49 శాతం దాకా చికోరీ కలపడం చట్టబద్ధమే. డబ్బా వెనక చిన్నక్షరాల్లో ఆ లెక్క ఉంటుంది. చదివేవాళ్లే తక్కువ.

ఇంతకీ ఎస్‌ప్రెసో అంటే గింజ రకం కాదు, వేయించే పద్ధతీ కాదు. నీటిని ఒత్తిడితో కాఫీ పొడిలోంచి తోసే విధానం. మెత్తగా విసిరిన పద్దెనిమిది గ్రాముల పొడి, 93 డిగ్రీల అటూ ఇటూ వేడి ఉన్న నీళ్లు, తొమ్మిది బార్ల ఒత్తిడి, పాతిక నుంచి ముప్పై సెకన్ల సమయం, కప్పులోకి దాదాపు 36 గ్రాముల కాఫీ. ఇది నేటి లెక్క. ఇటలీ పాత లెక్కలో అయితే ఒక కప్పుకు ఏడు గ్రాముల పొడి చాలు. తొమ్మిది బార్లంటే ఎంతో ఊహకందాలంటే తొంభై మీటర్ల ఎత్తున నీళ్ల ట్యాంకు కట్టి, ఆ గొట్టం తెచ్చి మీ కాఫీ గిన్నె మీద పెట్టినట్టు. ముప్పై అంతస్తుల బరువు. అంత ఒత్తిడిలో నీళ్లు పొడిలోని నూనెలను కూడా లాక్కొస్తాయి. గింజలో దాగిన బొగ్గుపులుసు వాయువు ఆ నూనెలతో కలిసి పైన తేనె రంగు పొరగా తేలుతుంది. ఇటాలియన్లు దాన్ని 'క్రెమా' అంటారు, అంటే మీగడ.

ఆ మీగడకు ఓ చరిత్ర ఉంది. ట్యూరిన్‌కు చెందిన ఆంజెలో మోరియోందో 1884లోనే ఆవిరి కాఫీ యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. మిలాన్‌లో లుయిజీ బెజెరా 1901లో దాన్ని ఒక్కో కప్పుకు విడివిడిగా తీసే యంత్రంగా మార్చాడు. అయితే ఆవిరితో వచ్చే ఒత్తిడి ఒకటి రెండు బార్లు మించదు. కాఫీ వేడికి మాడిన వాసన కొట్టేది. అకీల్లె గాజ్జా అనే బారు యజమాని 1938లో ఆవిరిని పక్కనబెట్టే పద్ధతికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. యుద్ధం ముగిశాక మీట లాగితే స్ప్రింగు నీళ్లను తోసే యంత్రం తెచ్చాడు. కప్పులో నురగ చూసి జనం అనుమానించారు. అది కాఫీ మీగడేనని చెప్పి ఒప్పించాల్సి వచ్చింది. 1961లో ఫాయెమా సంస్థ ఇ61తో చేతి బలం స్థానంలో ఎలక్ట్రిక్ పంపు పెట్టింది. ఇప్పుడు మన వంటింటి గట్టు మీద గుర్రుమనేది దాని బుల్లి మనవడే.

(రాజనీతిశాస్త్రం వాడిని కాబట్టి ఓ పక్కదారి. ఇటలీలో కౌంటర్ దగ్గర నిలబడి తాగే కాఫీకి ఒక రేటు, కూర్చుని తాగితే మరో రేటు. నిలబడి తాగే కప్పు ధరకు స్థానిక పాలకమండళ్లు చాలాకాలం పరిమితి విధించేవి. సామాన్యుడి నిత్యావసరాల్లో ఎస్‌ప్రెసోను చేర్చిన దేశమది. మన నగరాల్లో అదే కప్పు హోదాకు గుర్తుగా దిగింది.)

మళ్లీ నా పదిహేను బార్ల దగ్గరికి. కావాల్సింది తొమ్మిదే అయితే పదిహేను ఎందుకు? అది పంపు గరిష్ఠ శక్తి, కారు స్పీడోమీటర్ మీద 220 అని రాసినట్టు. చవక మెషిన్లతో వచ్చే జల్లెడ గిన్నె అడుగున రెండు పొరలు ఉంటాయి. పై పొరకు బోలెడు రంధ్రాలు, కింది పొరకు సూదిమొనంత ఒకే ఒక్కటి. ఆ సన్నటి రంధ్రంలోంచి చిమ్మితే ఎలాంటి పొడికైనా నురగ వస్తుంది. ఏడాది నిల్వ పొడికి కూడా. నా మొదటి కప్పు మీద బ్రహ్మాండంగా కనిపించిన మీగడ ఆ కనికట్టే. ఒకే పొర గిన్నె అయితే నీటికి అడ్డు నిలవాల్సింది పొడే. పొడి సరిగ్గా లేకపోతే బండారం వెంటనే బయటపడుతుంది. కాబట్టి మెషిన్ కొనే ముందు షాపువాడిని అడగాల్సిన మొదటి ప్రశ్న, దీనికి ఒకే పొర గిన్నె దొరుకుతుందా అని. బార్ల సంఖ్య అడగక్కర్లేదు.

రెండో ప్రశ్న గ్రైండర్ గురించి. నా మటుకు ఇదే మొదటిది కావాలి. మిక్సీలో వేస్తే పోలేదా అని మా ఆవిడ అంది. వేశాను. మిక్సీలో ఉండేది కత్తి. దానికి దొరికిన గింజ పిండవుతుంది, తప్పించుకున్నది ముక్కగా మిగులుతుంది. పిండిలోంచి నీళ్లు అతిగా సారం లాగి చేదు తెస్తాయి. ముక్కలోంచి సగమే లాగి పులుపు తెస్తాయి. ఒకే కప్పులో రెండూ. కావాల్సింది బర్ గ్రైండర్. బర్ అంటే కంగారు పడకండి, మన తిరగలే. రెండు పళ్ల చక్రాలు, మధ్య సందు. సందు పెంచితే రవ్వ, తగ్గిస్తే పిండి. మా నాయనమ్మ తిరగలి మేకుకు గుడ్డ పేలిక చుట్టి సందు సరిచేసేది. ఇప్పుడు ఆ పని మర మీది రింగు చేస్తుంది. ఎస్‌ప్రెసోకు ఆ సందులో వెంట్రుక వాసి తేడా చాలు, ముప్పై సెకన్లు పదిహేనో యాభయ్యో అవడానికి.

ఈ ముక్క నాన్నకు వివరిస్తుంటే ఆయన నవ్వారు. వాళ్ల చిన్నప్పుడు ఇంట్లో చెక్కపీటకు బిగించిన ఇనప మర ఉండేదట. తాతయ్య పచ్చి కాఫీ గింజలు తెప్పించేవారు. వారానికోసారి నాయనమ్మ బాణలిలో వాటిని వేయిస్తుంటే వీధి చివరిదాకా వాసన. పొద్దున్నే మరలో గింజలు పోసి పిడి తిప్పడం పిల్లల పని. అంటే తాజాగా వేయించిన గింజ, తాగే ముందే విసిరిన పొడి, సందు సరిచేసుకునే తిరగలి. ఇవాళ ఎస్‌ప్రెసో పండితులు పుంఖానుపుంఖాలుగా చెబుతున్నదంతా తెనాలి పెరట్లో జరిగిందే. ఆ మరేమైందని అడిగాను. పొడి కొట్టు వచ్చాక పాత సామాన్లవాడికి వేసేశారట. ఉల్లిపాయలు ఇచ్చాడో, స్టీలు గిన్నె ఇచ్చాడో ఆయనకు గుర్తులేదు.

నేను ఎనిమిది వేలు పెట్టి చేత్తో తిప్పే మర కొన్నాను. ఎస్‌ప్రెసోకు పనికొచ్చేంత సన్నగా విసిరే కరెంటు మరలు అంతకు రెండింతలు, మూడింతలు. చేతి మరకు నిమిషం పైచిలుకు శ్రమ, పొద్దున్నే భుజానికి వ్యాయామం. ఆ మొదటి కప్పు తేడా గురించి అతిశయోక్తులు వద్దు కానీ, అంతకు ముందు ఆరు నెలలు మెషిన్‌ను తిట్టుకున్నందుకు కాస్త సిగ్గుపడ్డాను. ముప్పై వేలు చేతిలో ఉంటే సగం దాకా మరకు, మిగిలింది మెషిన్‌కు అన్నది ఇప్పుడు నేను ఎవరడిగినా చెప్పే మాట. షాపులో దీనికి సరిగ్గా తలకిందులుగా చెబుతారు. మెషిన్ మెరుస్తుంది, మర మెరవదు.

ఇక గింజలు. ఇక్కడే నాకు ఆగాలనిపిస్తుంది. మెషిన్ కథ ఇటలీలో ముగిసినా గింజల కథ మన గుమ్మం దగ్గరికొస్తుంది.

బ్రెడ్డుకూ కాఫీకీ తేడా లేదు. వేయించిన నాటి నుంచి గింజలోని వాయువు, సువాసన పోతూ ఉంటాయి. మరీ తాజాగా, రెండు మూడు రోజుల్లోనే వాడితే వాయువు ఎక్కువై పొడి బుడగలు కక్కుతుంది. వారం పది రోజులు ఆగి, నెలా నెలన్నర లోపు ముగించాలి. కాబట్టి పొట్లం మీద చూడాల్సింది వేయించిన తేదీ. చాలా డబ్బాల మీద అది ఉండదు. ఎన్నాళ్లలోపు వాడాలో మాత్రం ఉంటుంది. అంటే పుట్టినరోజు దాచి పెళ్లిచూపులకు కూర్చోబెట్టడమే. ఈ పదేళ్లలో బెంగళూరు, హైదరాబాద్, చెన్నై లాంటి చోట్ల తేదీ వేసి అమ్మే చిన్న రోస్టర్లు వచ్చాయి. గింజ ఏ ఎస్టేట్‌దో కూడా రాస్తున్నారు.

ఆ ఎస్టేట్ పేరు వెనక రాజకీయం ఉంది. 1942 కాఫీ చట్టం తర్వాత దశాబ్దాల పాటు రైతు పండించిన గింజంతా కాఫీ బోర్డు ఉమ్మడి కుప్పకు పోయాల్సిందే. చిక్‌మగళూరు తోటదీ, కూర్గ్ తోటదీ అందులో కలిసిపోయేవి. బోర్డే వేలం వేసేది, తర్వాత డబ్బిచ్చేది. యుద్ధకాలంలో మార్కెట్ కుప్పకూలినప్పుడు రైతును నిలబెట్టిన ఏర్పాటే అది. కానీ బాగా పండించినవాడికీ, ఎలాగోలా పండించినవాడికీ పేరు లేకుండా చేసింది కూడా అదే. 1990ల్లో ఆ పట్టు అంచెలంచెలుగా సడలి 1996 నాటికి రైతు తన గింజ తానే అమ్ముకునే వీలొచ్చింది. ఉదారీకరణను ఎంత విమర్శించినా, నా పొద్దుటి కప్పుకు ఓ చిరునామా దక్కింది దానివల్లేనని ఒప్పుకోక తప్పదు.

ఎస్‌ప్రెసో విషయంలో మనవాళ్లకు తెలియని ఇంకో నిజం. మన కాఫీలో ఎక్కువ భాగం విదేశాలకు పోతుంది, అందులో పెద్ద గిరాకీ ఇటలీది. దేశంలో పండేదాంట్లో దాదాపు 70 శాతం రోబస్టా. మన దగ్గర రోబస్టా అంటే చిన్నచూపు. అరబికా గొప్ప, రోబస్టా తక్కువ అని డబ్బాలవాళ్లు నేర్పారు. కానీ ఇటాలియన్ మిశ్రమాల్లో చిక్కటి క్రెమాకు, నోట్లో నిలిచే బరువుకు కలిపేది రోబస్టానే. చెట్ల నీడన పెరిగి, కడిగి ఆరబెట్టిన మన రోబస్టాకు అక్కడ ప్రత్యేక గౌరవం. 'కాపీ రాయల్' పేరుతో మేలిరకం ఉంది. మాన్సూన్డ్ మలబార్‌దీ అలాంటి కథే. తెరచాప ఓడల కాలంలో యూరప్ చేరేలోగా నెలల తరబడి తేమ పీల్చి గింజలు ఉబ్బి తెల్లబోయేవి. ఆవిరి ఓడలు, సూయజ్ కాలువ వచ్చి ప్రయాణం తగ్గాక పాత రుచి ఏదని అక్కడివాళ్లు అడిగారు. అప్పటి నుంచి పడమటి తీరంలో గింజలను గోదాముల్లో పరిచి రుతుపవనాల గాలికి కావాలనే ఉబ్బిస్తున్నారు. పులుపు తక్కువ, బరువు ఎక్కువ. మొదటిసారి ఇంట్లో ఎస్‌ప్రెసో చేసేవాళ్లకు ఇంత ఓపికగా సహకరించే గింజ మరొకటి నాకు తగల్లేదు. ఈ రెండింటినీ మూడు వంతులు అరబికా, ఒక వంతు రోబస్టా లెక్కన కలిపి చూడండి, చాక్లెట్ చేదు ఇష్టపడేవాళ్లకు అది చాలు.

అరకు గింజ తీరు వేరు. నీడలో, కొండ చల్లదనంలో నిదానంగా పండిన అరబికా. పులుపులో పండు తియ్యదనం ఉంటుంది. ఎస్‌ప్రెసోగా తీయడం కష్టం, కుదిరితే మర్చిపోలేం. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరుచుకుంది, 2018లో అక్కడే బంగారు పతకం వచ్చింది. 2025లో పార్లమెంట్ ఆవరణలోనూ అరకు కాఫీ స్టాళ్లు పెట్టారు. ఎంపీలు కప్పులతో ఫొటోలు దిగారు. మంచిదే.

ఓ వార్త పని మీద నేను పాడేరు వైపు వెళ్లింది పండ్లు కోసే కాలంలో. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. పోడు కొట్టే కొండలపై ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి దశాబ్దాల పాటు పెంచిన తోటలివి. ఎకరం రెండెకరాల గిరిజన రైతులే ఎక్కువ. కొమ్మ మీది పండ్లన్నీ ఒకేసారి ఎర్రబడవు. ఎర్రవి మాత్రం ఏరి కోసి, వారం పది రోజులకు మళ్లీ అదే చెట్టు దగ్గరికి రావాలి. పచ్చివి కలిపి దూసేస్తే పని ఒక్కరోజులో అయిపోతుంది, కప్పులో వగరు మిగులుతుంది. షావుకారు దగ్గర ముందే అప్పు తెచ్చుకున్న ఇంట్లో ఎర్రబడేదాకా ఆగే తీరిక ఎక్కడిది? గిరిజన సహకార సంస్థ ధర ప్రకటించి కొనడం మొదలెట్టాక, ప్రైవేటు సంస్థలు మేలైన పండుకు మేలైన ధర ఇవ్వడం మొదలయ్యాక ఆ తొందర కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు. అటవీ అభివృద్ధి సంస్థ చేతిలోని తోటలు తమకే పంచాలన్న డిమాండ్ ఏళ్ల నాటిది, మావోయిస్టులు కూడా ఎత్తుకున్న నినాదమది. ఈమధ్య, 2025లో, కాయను తొలిచే బెర్రీ బోరర్ పురుగు అరకు ప్రాంతంలో కనిపించింది. 1990లో నీలగిరుల్లో దేశంలోకి అడుగుపెట్టిన పురుగది. మందుల వాసనే తెలియని తోటలకు అది చిన్న ముప్పు కాదు. పండ్లు తెంపి నాశనం చేయమంటే, పరిహారం ఎప్పుడొస్తుందో తెలియని రైతు ఏం చేయాలి?

అక్కడ ఓ రైతు అడిగాడు, మీ ఊళ్లో కప్పు ఎంత అని. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి లెక్కేశాను. కిలో గింజకు ఆరు కిలోల పండు కావాలి. వేయించేటప్పుడు బరువు ఇంకో ఆరోవంతు తగ్గుతుంది. పద్దెనిమిది గ్రాముల నా కప్పు వెనక ఉన్నది నూట ముప్పై గ్రాముల దాకా పండ్లు, ఒక్కొక్కటీ ఎర్రబడిందో లేదో చూసి కోసినవి. కేఫ్‌లో ఆ కప్పుకు మనమిచ్చే నూట యాభైలో అద్దె, ఏసీ, జీతాలు పోగా కొండ మీదికి పోయేది ఎంతో చెప్పక్కర్లేదు. పాతిక వందల గ్రాములు... కాదు, పావుకిలో పొట్లం నేరుగా కొంటే ఐదారు వందలు, పద్నాలుగు కప్పులకు ఓ పిసరు తక్కువ. కప్పు నలభై దరిదాపుల్లో పడుతుంది. గింజ ఎవరిది, ఎప్పుడు వేయించారు అని అడిగేవాళ్లు పెరిగితే ఎర్రబడేదాకా ఆగిన చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ ఇవ్వడం వ్యాపారికి గిట్టుబాటవుతుంది. ఇది దయ కాదు, బేరం.

సరే, చేసే పద్ధతి. మెషిన్ ఆన్ చేసి పావుగంట ఆగండి, పిడి గిన్నెతో సహా వేడెక్కాలి. బంగారు కొట్లో వాడేలాంటి బుల్లి డిజిటల్ త్రాసు తప్పనిసరి, వెయ్యి లోపే దొరుకుతుంది. గింజలు తూచి, అప్పటికప్పుడు విసిరి, గిన్నెలో ఉండలు లేకుండా సూదితో కదిపి, సమంగా ఒకసారి అదమండి. బలం ముఖ్యం కాదు, వాలు లేకుండా ఉండటం ముఖ్యం. వాలిందంటే నీళ్లు పల్లం వెతుక్కుని ఒకపక్క నుంచే పోతాయి. మీట నొక్కగానే సెకన్లు లెక్కపెట్టండి. 36 గ్రాములు పదిహేను సెకన్లలో దూకితే పులుపు, నీరసం. ఇంకాస్త సన్నగా విసరాలి. యాభై సెకన్లు చుక్కలు చుక్కలుగా ఏడిస్తే చేదు, వగరు. కాస్త ముతకగా విసరాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. పొడి బరువు, సందు, అదుము మూడూ కలిపి మార్చేస్తే ఏది దెబ్బ కొట్టిందో తెలియదు. కొత్త పొట్లం విప్పిన రోజు మూడు నాలుగు కప్పులు సింకు పాలే, బాధపడొద్దు.

మన ఇళ్లకే ప్రత్యేకమైన గొడవలు రెండు. ఏ పుస్తకంలోనూ లేవు. ఒకటి నీళ్లు. బోరు నీళ్లు పోస్తే ఆరు నెలల్లో లోపల సున్నం పేరుకుంటుంది. పోనీ ఆర్వో నీళ్లంటే అందులో లవణాలే ఉండవు, కాఫీ చప్పగా దిగుతుంది. రెండు వంతుల ఆర్వోకు ఒక వంతు వడగట్టిన కుళాయి నీళ్లు కలిపి, టీడీఎస్ వంద దరిదాపుల్లో ఉండేలా చూసుకుంటున్నాను. రెండు మూడు నెలలకోసారి కంపెనీ చెప్పిన పద్ధతిలో సున్నం వదిలించాలి. రెండోది కరెంటు. ఈ మెషిన్లు 1,350 వాట్ల పైమాటే. అద్దె ఇంటి వంటగదిలో మిక్సీ పెట్టే ఆరు ఆంపియర్ల ప్లగ్గుకు అది కొసరు బరువు. ఓ ఎండాకాలం పొద్దున మాడిన వాసన కాఫీదనుకున్నాను. గోడ మీది ప్లగ్గుది. ఇప్పుడు గీజర్‌కు వాడేలాంటి పదహారు ఆంపియర్లది పెట్టించాను.

ఇంత తతంగం ఎందుకనుకునేవాళ్లకు మోకా పాట్ ఉంది. 1933 నుంచి ఇటలీ వంటిళ్లలో ఉన్నది అదే, బార్‌లో యంత్రం బార్‌లోనే. గ్యాసు పొయ్యి మీద పెట్టుకోవచ్చు, రెండు మూడు వేలు. ఒత్తిడి ఒకటి రెండు బార్లే కాబట్టి అది ఎస్‌ప్రెసో కాదు, కానీ చిక్కటి నిజాయతీ గల కాఫీ. పాలు కలుపుకునేవాళ్లకు దాని మీద ఇంకో ఇరవై వేలు పెట్టాల్సిన పనిలేదని నా అభిప్రాయం. మన ఇత్తడి ఫిల్టర్‌లో కూడా, చికోరీ లేని తాజా పొడి వేసి చూస్తే, ఇన్నాళ్లూ ఏం పోగొట్టుకున్నామో తెలుస్తుంది.

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు చేతి మర, త్రాసు వెంట తీసుకెళ్లాను. మెషిన్ మాత్రం తీసుకెళ్లలేదు. అరకు గింజలు విసిరి నాన్న ఫిల్టర్‌లోనే డికాక్షన్ తీశాను. ఆయన ఏమీ అనలేదు, రెండో గ్లాసు అడిగారు. తిరిగి వస్తుంటే మరను తన దగ్గరే ఉంచమన్నారు. చేతులకు వ్యాయామమట. వారం తిరక్కుండా అమ్మ ఫోన్. నలభై ఏళ్లుగా కాఫీ పొడి తెచ్చుకుంటున్న కొట్టుకెళ్లి, గింజలు ఏ రోజు వేయించారో తారీఖు రాసివ్వమని నాన్న పట్టుబట్టారట. కొట్టతను ముందు నవ్వి, తర్వాత విసుక్కుని, చివరికి పొట్లం మీద పెన్సిల్‌తో రాశాడట.